బోర్డు తలుపు మీద పేరు

కావలిలో మస్తానయ్య మేస్త్రీ దగ్గర కరెంటు పని నేర్చుకునే వాళ్లకు ఒక ఆశ ఉండేది. ఒక ఇంటికి ఎంత లోడు కావాలో లెక్క ఎవరిది సరిపోతే, ఆ ఇంటి మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు పెన్సిలుతో వాళ్ల పేరు రాయిస్తాడాయన. ఇల్లున్నంత కాలం ఆ పేరు అక్కడ ఉంటుంది.

చక్రధర్ పేరు ఇంతవరకూ ఏ తలుపు మీదా లేదు. దావీదు పేరు మూడింటి మీద ఉంది.

ఈసారి వకుళ టీచరు ఇల్లు. గ్యాసు తీసేసి అంతా కరెంటే పెట్టుకున్నారు. చక్రధర్ నిలబడే లెక్క కట్టేశాడు. రెండు ఏసీలకు మూడు కిలోవాట్లు, గీజర్లకు నాలుగు, పొయ్యికి మూడున్నర, కారు ఛార్జరుకు మూడున్నర, ఓవెనుకు రెండు, వాషింగ్ మెషీనుకు రెండు, మోటారుకు ఒకటి, మిగతావాటికి ఒకటిన్నర. మొత్తం ఇరవైన్నర కిలోవాట్లు.

దావీదు వంటగదిలో కూర్చుని టీచరమ్మ ఇచ్చిన కాఫీ తాగాడు. పొద్దున్నే ఏం వేస్తారు, కారు ఎప్పుడు పెడతారు అని అడిగాడు. పన్నెండు చాలన్నాడు.

మేస్త్రీ పన్నెండుకు తగ్గ బోర్డే పెట్టించాడు.

చక్రధర్‌కు అన్నం సయించలేదు. "కాఫీ తాగి చెప్పిన లెక్క అది మేస్త్రీ. నేను ఒక్కొక్కటీ చూసి లెక్క కట్టాను. అన్నీ వేస్తే మెయిన్ పడిపోతుంది."

"పేరు రేపు రాద్దాం. ముందు నువ్వెళ్లి అన్నీ వేసి చూడు," అన్నాడు మేస్త్రీ.

మర్నాడు పొద్దున్నే చక్రధర్ వెళ్లి ఒక్కటీ వదలకుండా వేశాడు. ఖాళీ ఓవెను వేడెక్కింది. బట్టల్లేని వాషింగ్ మెషీను తిరిగింది. పొయ్యి మీద నాలుగు గిన్నెల్లో ఉత్త నీళ్లు మరిగాయి. మార్గశిర మాసపు చలిలో రెండు ఏసీలూ చల్లగాలి కొట్టాయి. అతను వణుకుతూ బోర్డు ముందే కూర్చున్నాడు.

"ట్యాంకు పొర్లుతోంది బాబూ," అంది టీచరమ్మ.

"పొర్లనివ్వండమ్మా."

అరగంటకు మెయిన్ టప్‌మని పడింది. చక్రధర్ ముఖం వెలిగిపోయింది. అప్పుడే మేస్త్రీ, వెనక దావీదు లోపలికి వచ్చారు.

"పడింది మేస్త్రీ."

"పడాలిగా. అందుకేగా పెట్టింది." మేస్త్రీ టీచరమ్మ వైపు తిరిగాడు. "ఇవన్నీ ఒక్కసారే ఎప్పుడేస్తారమ్మా?"

ఆమె శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఇట్టా ఎవరేస్తారండీ? మనుషులుండే ఇల్లేనా ఇది?"

మేస్త్రీ ఇల్లంతా తిరిగి అన్నీ ఆపాడు. ఏసీలు, ఓవెను, మోటారు. చివరికి మెయిన్ పైకి లేపాడు. వంటగదిలో ఒక్క లైటు వెలిగింది. ఫ్రిజ్ మెల్లగా మొదలైంది.

మేస్త్రీ జేబులోంచి పెన్సిలు తీసి చక్రధర్ చేతిలో పెట్టాడు.

"పేరు రాయి."

"ఎవరి పేరు మేస్త్రీ?"

"పొద్దుట్నుంచీ ఇవన్నీ ఎవరి లెక్క తప్పని చూపడానికి వేశావో, వాడి పేరు."

దావీదు తల వంచుకున్నాడు. చక్రధర్ బోర్డు తలుపు తెరిచాడు. తర్వాత పెన్సిలు మొన నాలుకతో తడి చేసుకుని, గుండ్రటి అక్షరాలతో ఆ పేరు మెల్లగా రాయడం మొదలుపెట్టాడు.