ఊరికే చుట్టిన కండెలు

వామనస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఔననీ చెప్పేవారు కాదు, కాదనీ చెప్పేవారు కాదు. "ఆ మధ్య ఒకచోట..." అని మొదలుపెట్టేవారు. ఆ మధ్య అంటే నిన్న కావచ్చు, నలభై ఏళ్ళ కిందట కావచ్చు. చెప్పడం అయ్యాక, కాస్త తేల్చి చెప్పండి స్వామీ అని బతిమాలినా లాభం ఉండేది కాదు. తర్కం మీద అంత పట్టున్న మనిషి తర్కించకుండా ఏదో ముచ్చట చెప్పి పంపేస్తారేమిటని పెద్ద పెద్ద పండితులే విసుక్కుంటూ వెళ్ళేవారు.

ఆయన ఆశ్రమం పెన్న ఒడ్డున ఉండేది. ఆశ్రమమంటే నాలుగు పాకలు, ఒక వంటిల్లు. ఉన్న శిష్యుల్లో విరూపాక్షుడు మెరిక. స్వామి తన గురువు దగ్గర నోటిపాఠంగా నేర్చుకున్న వ్యాఖ్యానం ఒకటి ఉంది. అది ఎక్కడా రాతలో లేదు. దాన్ని అందుకోగల బుర్ర విరూపాక్షుడికే ఉందని ఎంచి, రోజూ పొద్దున్నే అతనొక్కడికే పాఠం చెప్పేవారు. స్వామికి ఎనభై దాటాయి. కొన్ని రోజులు గొంతే పెగిలేది కాదు. పాఠం సగం కూడా కాలేదు.

అయితే విరూపాక్షుడికి ఒక బలహీనత ఉంది. ఎవరైనా పని అడ్డదిడ్డంగా చేస్తుంటే చూస్తూ ఊరుకోలేడు. ఆశ్రమంలో వంట చేసే కోటప్ప మంచివాడే కానీ, అతని చేతి అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. ఒకసారి విరూపాక్షుడు గరిటె అందుకున్నాడు. ఆ పూట అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. అంతే, ఇక గరిటె వదల్లేదు. పాఠానికి ఆలస్యంగా రావడం మొదలైంది, తర్వాత కొన్ని రోజులు రాకపోవడం కూడా. కోటప్ప వంటింటి గడప బయట గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవాడు.

ఒకనాడు పొద్దున, స్వామి ఏమీ అనకముందే, విరూపాక్షుడే అడిగాడు.

"స్వామీ, ఒక పని నేను ఇంకొకరికంటే బాగా చేయగలిగినప్పుడు, దాన్ని వాళ్ళకే వదిలిపెట్టడం తప్పు కాదా? వంటకు నాకు పట్టేది కాసేపే. ఊరికే అయిపోతుంది."

"ఊరికేనా?" అన్నారు స్వామి. కళ్ళు మూసుకుని, "ఆ మధ్య ఒకచోట..." అన్నారు. ఆయన చెప్పింది ఇది.

దేశం తిరిగే వయసులో స్వామి కొన్నాళ్ళు ఒక నేతవారి వీధిలో, భజన మందిరంలో బస చేశారు. ఎదురింట్లో మార్కండయ్య అనే నేతగాడు ఉండేవాడు. చిలకల అంచు చీర నేయడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేదు. షావుకార్లు నూలూ జరీ తెచ్చిచ్చి, గుమ్మంలో నిలబడి మరీ నేయించుకునేవారు. భర్త పోయి పుట్టింటికి చేరిన అక్క అనంతమ్మ అతని దగ్గరే ఉండేది. రాట్నం ముందు కూర్చుని తమ్ముడికి కండెలు చుట్టిపెట్టడం ఆమె పని. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టం. దానికి చుట్టిన నూలే మగ్గం మీద అడ్డంగా పడి చీర అవుతుంది.

ఆమె చుట్టినదాంట్లో ముడులుండేవి. ఒకచోట వదులు, ఒకచోట బిగువు. నాడె పరుగు మధ్యలో దారం పుటుక్కున తెగేది. మార్కండయ్య తల కొట్టుకుని, అతుకు వేసుకుని, మళ్ళీ నేసేవాడు. ఆ ఇంట్లో అంతకు మించి గొడవలేమీ లేవు.

ఒకనాడు సరిగ్గా చిలక ముక్కు దగ్గర దారం తెగింది. అతనికి ఒళ్ళు మండి, మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు.

"లేవక్కా. నువ్వొకటి చుట్టేలోపల నేను రెండు చుడతా. అదీ నున్నగా."

"మరి మగ్గమో?"

"అది యాడికి పోద్ది? ఇదంతా కాసేపు, ఊరికే అయిపోద్ది. నువ్వు సుఖంగా కూర్చో."

అన్నట్టే చుట్టాడు. వీధిలోవాళ్ళు వచ్చి ఆ కండెలు చేత్తో తడిమి చూసి మెచ్చుకున్నారు. మెప్పులో అబద్ధమేమీ లేదు. నేతలో అనంతమ్మ అతని కాలిగోటికి చాలదు, కండెల్లో సగానికి వస్తుంది. ఎందులో చూసినా అతనిదే పైచేయి. పైచేయి తనదే కాబట్టి రెండు పనులూ తనవే అనుకున్నాడు మార్కండయ్య.

ఖాళీగా కూర్చోలేక అనంతమ్మ ఒకపూట, పోనీ మగ్గంలో నేను కూర్చుంటానంది. జానెడు నేసేసరికి అంచు మీద చిలకలు కాకులైపోయాయి. అదంతా విప్పడానికి అతనికి సాయంత్రమైంది. ఆ తర్వాత ఆమెను మగ్గం దరిదాపులకు రానివ్వలేదు.

నేతపని తెలిసినవారికి పొద్దుటిపూట విలువ తెలుసు. తూర్పు కిటికీలోంచి వెలుగు సూటిగా మగ్గం మీద పడుతుంది, గాలిలో ఇంకా తేమ ఉంటుంది, దారం చెప్పినమాట వింటుంది. మార్కండయ్య ఆ పొద్దంతా రాట్నం దగ్గర గడిపి, ఎండ ముదిరాక మగ్గంలోకి దిగేవాడు. అప్పటికి గాలి పొడిబారి, అంత నున్నగా చుట్టిన దారమూ తెగేది. చుట్టడంలోనే ఇంకా ఏదో లోపముందనుకుని, మర్నాడు ఇంకా జాగ్రత్తగా, ఇంకాసేపు చుట్టేవాడు. ఆ తెలివికి నవ్వాలో ఏడవాలో నాకు తోచలేదు, అన్నారు స్వామి. ఇంటినిండా ముచ్చటైన కండెలు పేరుకున్నాయి. చీర మాత్రం మూర దగ్గరే ఆగింది. షావుకారు మనిషి వచ్చి చూసి, తల పంకించి, పొరుగు వీధి వైపు నడిచాడు.

అనంతమ్మ అరుగు మీద కూర్చునేది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు "ఏం వదినా, ఊరికే కూర్చోనుండావే" అని పలకరించేవారు. వాళ్ళన్నది మామూలు మాటే. ఆమెకు మాత్రం గుచ్చుకునేది. రాట్నం తిప్పినన్నాళ్ళూ ఆ ఇంట్లో కంచం ముందు కూర్చోవడానికి ఆమె ఏనాడూ సంకోచించలేదు. ఇప్పుడు తమ్ముడు పిలిచినా ఆకలిగా లేదనేది. చిక్కి సగమైంది.

ఒకరోజు తెల్లవారేసరికి ఆమె ఇంట్లో లేదు. రాపూరులో తోడికోడలి ఇంటికి వెళ్ళిపోయిందని తెలిసింది. వాళ్ళు నేసేది ముతక తువ్వాళ్ళు. అక్కడ దారంలో ముడి ఉన్నా పట్టించుకునేవారు లేరు.

మర్నాడు చీకటితోనే మార్కండయ్య కోపంగా బయల్దేరాడు. తోడుగా స్వామినీ వెంటబెట్టుకుపోయాడు. దారిపొడుగునా ఒకటే సణుగుడు. కూర్చోబెట్టి అన్నం పెడితే ఎవరైనా పారిపోతారా అని. వీళ్ళు చేరేసరికి అనంతమ్మ తోడికోడలి పంచలో రాట్నం ముందుంది. పక్కన సగం తిన్న చద్దన్నం గిన్నె.

"నీకేం తక్కువ చేశానక్కా? పనీపాటా లేకుండా సుఖంగా ఉండమంటిని గదా!"

"ఈడ నన్నెవురూ సుఖంగా ఉండమనలేదురా," అంది ఆమె, రాట్నం ఆపకుండా.

మార్కండయ్య చూపు ఆమె వేళ్ళ మీదే ఉంది. అక్కడా అదే ముడి, అదే వదులు. సరిచేయబోయి వంగి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపల కిటికీ వెలుగు మగ్గం మీద పడుతోంది. ఆ ఇంటి నేతగాడు, పనితనం అంతంత మాత్రమే అయినవాడు, అప్పటికే టకటకా నేసుకుపోతున్నాడు. ఆ చప్పుడు కాసేపు విన్నాక మార్కండయ్య ముఖం మారింది.

"ఈపాటికి మన మగ్గం ఆడతా ఉండాల," అన్నాడు. "ఇంటికి రాక్కా."

"నేను చుడితే తెగుద్దిరా."

"తెగనీ. దారం తెగితే అతుకేసుకుంటా. పోయిన పొద్దుకు అతుకు ఎట్టెయ్యమంటావు?"

అనంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గిన్నెలో మిగిలిన అన్నం తినేసి, చెయ్యి కడుక్కుని, అతని వెంట బయల్దేరింది.

స్వామి అక్కడ ఆపారు. విరూపాక్షుడు అడిగాడు.

"తర్వాతైనా ఆమె బాగా చుట్టడం నేర్చుకుందా స్వామీ?"

"లేదు నాయనా. చివరిదాకా ముడులే. అతనూ చివరిదాకా విసుక్కుంటూనే ఉన్నాడు. చిలకల అంచు చీరలు మాత్రం మళ్ళీ ఆ ఇంట్లోంచి బయటికొచ్చాయి."

అంతలో మాడువాసన వచ్చింది. గరిటె పట్టేవాళ్ళు లేరని చూసి కోటప్ప పొయ్యి దగ్గరికి చేరినట్టున్నాడు. విరూపాక్షుడు చటుక్కున లేచాడు. పప్పు అడుగంటుతోంది స్వామీ, ఒక్క క్షణంలో వస్తాను అంటూ వంటింటి వైపు తిరిగాడు.

"మాడిన పప్పు నేను తింటాను. నువ్వు కూర్చో," అన్నారు స్వామి. "ఇవాళ గొంతు పలుకుతోంది."