మినిట్స్ రాసిన చేయి

వసుంధర, ఇరవై నాలుగేళ్లు. రాసిన ఏ కాగితాన్నైనా ఎవరికైనా ఇచ్చేముందు మరోసారి చదువుకుంటుంది. విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. ఒక మధ్యాహ్నం తన గైడు నాగరత్నం మేడం గదిలోకి వచ్చి, కూర్చోకుండానే అడిగింది: "మేడం, ఈ క్యాంపస్ నిర్ణయాల్లో మా మాట చెల్లాలంటే ఏం చేయాలి?"

ప్రశ్న గొప్పదే. దాని అడుగున ఉన్నది వేరే.

మహిళల హాస్టల్ గేటును తొమ్మిదింటికి బదులు ఏడింటికే మూసేయాలని పైవాళ్లు తలపెట్టారు. లైబ్రరీ పదింటిదాకా ఉంటుంది, మగపిల్లల కోసం. దీనిమీద గది గదికీ తిరిగి మూడు వందల సంతకాలు పోగుచేసింది వసుంధర. వినతిపత్రం రాసిందీ ఆమే. విద్యార్థి ప్రతినిధి అభ్యంతరం సమావేశంలో ఏం జరిగిందో రాసే మినిట్స్‌లో నమోదైతే ఆ విషయం పై కౌన్సిల్‌కు వెళ్లాలి, అంతవరకూ అమలు చేయకూడదు అన్న నిబంధనను వెతికి అందులో పెట్టిందీ ఆమే. తీరా హాస్టల్ కమిటీకి ప్రతినిధిని ఎన్నుకునే రోజున అమ్మాయిలు ఆమె రూమ్మేట్ ఎస్తేరుకు చేతులెత్తారు. పదకొండు చేతుల తేడా. అప్పట్నుంచి ఎస్తేరు జడ వేసుకున్నా, ఫోన్‌లో తల్లితో నవ్వుతూ మాట్లాడినా వసుంధరకు ఒళ్లు మండేది. తన సంతకాల మీదెక్కి కూర్చుందని మెస్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

నాగరత్నం మేడం వాదించే మనిషి కాదు, పని అప్పజెప్పే మనిషి. ఆ కమిటీకి ఆవిడ కార్యదర్శి. ఓటు లేదు, మినిట్స్ రాయించి కింద సంతకం పెట్టడమే పని. అలాంటి పదవులు మన సంస్థలు ఆడవాళ్లకు ధారాళంగా ఇస్తాయి. గురువారం సమావేశానికి వచ్చి మినిట్స్ రాసిపెట్టమని వసుంధరతో చెప్పింది, అంతే.

ఓటున్న ఏడుగురిలో ఎస్తేరు తప్ప అందరూ మగవాళ్లు. చీకటి పడితే ఆడపిల్లలకు ఏమేం జరుగుతాయో ఆరుగురికీ బాగా తెలుసు. ఎవరివల్ల జరుగుతాయో మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఎస్తేరు మూడుసార్లు లేచింది. మొదటిసారి లైబ్రరీ వేళల గురించి చెబితే టీ వచ్చింది. రెండోసారి ల్యాబ్ పనుల గురించి చెబితే ఒకాయన గడియారం చూసుకున్నాడు. మూడోసారి ఆమె గొంతు వణికింది.

"దారిలో దీపాలు లేకపోతే దీపాలు పెట్టండి సార్. మమ్మల్ని లోపల పెట్టకండి. నేను ఒప్పుకోవడం లేదు."

ఆ వణుకు విని వసుంధరకు మనసులో ఎక్కడో చల్లగా అనిపించింది. నేనైతే ఇంకా గట్టిగా చెప్పేదాన్ని అనుకుంది. నిజానికి ఆ దీపాల మాట తనకు తట్టలేదని కూడా అనుకుంది, దాంతో ఇంకా మండింది.

అధ్యక్షుడు ఎస్తేరును "మా అమ్మాయిలాంటిదానివి" అని కూర్చోబెట్టి, వసుంధర వైపు తిరిగాడు. "ఏకగ్రీవం అని రాసెయ్యమ్మా. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండాలి."

వసుంధర రాసింది. అలవాటు ప్రకారం మరోసారి చదువుకుంది కూడా. ఎస్తేరు లేచిన మూడుసార్లలో ఒక్కటీ ఆ కాగితంలో లేదు.

సాయంత్రం ఆ కాగితాన్ని నాగరత్నం మేడం ముందు పెట్టింది. సమావేశంలో కూర్చుని అంతా విన్న ఆవిడ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. సంతకం పెట్టకుండానే పెన్ను మూత బిగించి, కాగితాన్ని వసుంధర వైపు జరిపింది.

"మాట ఎట్లా చెల్లుతుందని అడిగావు కదా. చూడు, ఇవాళ ఆ గదిలో చెల్లిన ఆడదాని మాట నీదొక్కటే."

వసుంధర ఆ రాత్రే మినిట్స్ తిరగరాసింది. ఎస్తేరు అభ్యంతరాలు మూడింటినీ ఎస్తేరు మాటల్లోనే పెట్టింది. ఆ ఏడాదంతా ఎస్తేరుతో మాట్లాడలేదు.