సుంకమ్మ మూర

అన్నవాళ్లు పోయి, విన్నవాళ్లు పోయి, మాట ఒక్కటే మిగిలిన కాలం. ఆ కాలంలో ఇసకేరు అని ఒక ఏరు. ఆ ఏటి గట్టున రాళ్లమిట్ట అని ఒక ఊరు. ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒక చాకలామె.

సుంకమ్మది ఈ గట్టే. అవతలి గట్టువాళ్లు మా ఊరిదంటారు. అనుకోనీ. ఆమె పుట్టింది, మెట్టింది, మట్టిలో కలిసింది ఈ గట్టునే.

మనిషి పొట్టి. చేతులు మరీ పొట్టి. బట్టల మూట నెత్తికెత్తుకుంటే, మూటకే కాళ్లొచ్చి నడిచిపోతున్నట్టు ఉండేది. ఊరంతా ఆమెను మూరెడు సుంకమ్మ అనేవాళ్లు. ఆమె ఏమీ అనేది కాదు. అయితే అన్నవాడి పంచెకు ఆ వారం గంజి పడేది కాదు.

ఇసకేరు ఏడాదికి పది రోజులు పారేది. తక్కిన రోజులన్నీ ఇసకే. పైన ఇసక, కింద నీళ్లు. ఇసకలో చేత్తో గుంట తీసి కాసేపు కూర్చుంటే, అడుగున చెమ్మ పుట్టి, చెమ్మ ఊట అయి, చిప్పతో ముంచుకునేన్ని నీళ్లు నిలిచేవి. దాన్నే చెలమ అంటారు. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇంకో ఊరి నీళ్లు తాగితే ముఖం చిట్లించేవాళ్లు. సద్దిలోకి మజ్జిగెందుకు, చెలమనీళ్లు చాలు అనేవాళ్లు. అట్లాంటి నీళ్లు.

ఏట్లో ఎక్కడ తవ్వినా ఆ నీళ్లు పడవు. నల్లగుండు అని ఒక పెద్ద రాయి, దాని పక్కన ఒక రెల్లుదుబ్బు, ఆ రెంటికీ నడుమ పడతాయి. అక్కడ కూడా ఎట్లాపడితే అట్లా తవ్వకూడదు. సుంకమ్మకు ఆమె అత్త చూపించింది. ఇసకలోకి చెయ్యి దించాల. మోచేయి మునిగేసరికి వేలికొసకు చల్లగా, జారుగా నీలిబంక మన్ను తగులుతుంది. అక్కడ ఆగాల.

"అది ఏటి ఒడి," అని చెప్పింది అత్త. "ఒడికి చిల్లు పడితే బిడ్డ నిలుస్తుందా? నిలవదు. నీళ్లూ అంతే."

అప్పటినుంచి రోజూ పొద్దు పొడిచేసరికి సుంకమ్మ చెలమ దగ్గరుండేది. మూరెడు తీసేది. ఊట తేరేదాకా కూర్చునేది. తేరినాక టెంకాయ చిప్పతో మొదటి చిప్ప ముంచి, నల్లగుండు మీదున్న గుంటలో పోసేది. గువ్వలు, గోరింకలు వచ్చి తాగేవి. రెండో చిప్ప పక్కనే ఉన్న మట్టిమూకుడులో పోసేది. మేకలు, దూడలు వచ్చి తాగేవి. మూడో చిప్ప రెల్లుదుబ్బు మొదట్లో పోసేది. పోస్తా పోస్తా అనేది:

"మొదటి చిప్ప రెక్కలకు. రెండో చిప్ప డెక్కలకు. మూడో చిప్ప మొక్కలకు. నాలుగోది మనకు."

అప్పుడుగానీ ఆడవాళ్లను కడవలు దించనిచ్చేది కాదు. వాళ్లు సణిగేవాళ్లు. మా కడవలకంటే నీ గువ్వలు ఎక్కువా అనేవాళ్లు. ఆమెకు వినపడేది కాదు. వినపడదలచుకోకుంటే ఆమెకు ఏదీ వినపడదు.

అవతలి గట్టువాళ్లు ఈ కథ చెప్పేటప్పుడు రెండే చిప్పలంటారు. మొక్కల చిప్ప మరిచిపోయినారు. అందుకే వాళ్ల గట్టున నీడ లేదు.

ఇట్లా ఉండగా ఒక ఏడు వాన తప్పింది. రెండో ఏడు తప్పింది. మూడో ఏడూ తప్పింది. ఊళ్లో బావులు ఎండినాయి. మిగిలింది ఆ మూరెడు చెలమ. నలభై ఇళ్లు, ఒక్క చెలమ. కడవ నిండేసరికి నీడ కాళ్ల కిందికి వచ్చేది.

ఊరిపెద్ద బయపరెడ్డి. ఆరడుగుల మనిషి. చెడ్డవాడు కాదు. తన బావి ఎండేదాకా ఊరందరికీ నీళ్లు తోడుకోమన్నవాడే. ఆయన పదిమందిని వెంటేసుకుని, గడ్డపార భుజాన పెట్టుకుని చెలమ కాడికి వచ్చినాడు. బావి లోతుకు పోయేకొద్దీ నీళ్లు పెరుగుతాయి, చెలమ కూడా అంతే కదా అన్నాడు. నిలువు లోతు తవ్వితే ఊరంతటికీ చాలుతాయన్నాడు. పదిమందీ తల ఊపినారు. న్యాయంగానే తోచింది మరి.

సుంకమ్మ అడ్డం నిలబడింది. వద్దు రెడ్డీ, అది బావి కాదు అంది. వద్దు రెడ్డీ, కింద ఏటి ఒడి ఉంది అంది. వద్దు రెడ్డీ, ఉన్న గుక్కెడూ పోతుంది అంది. మూడుసార్లు చెప్పింది.

రెడ్డి నవ్వినాడు. "మూరెడు చేతిదానివి. ఏటి లోతు నీకేం తెలుసే సుంకీ? తప్పుకో."

అని ముందుకు అడుగేసినాడు. కాలికింద చిప్ప పడి రెండు చెక్కలైంది. చూసి వేసిన అడుగు కాదు. కానీ చూసుకుని వెయ్యాల్సిన అడుగు.

సుంకమ్మ వంగి రెండు చెక్కలూ ఏరుకుని కొంగున కట్టుకుంది.

"ఈ నోటితో నీతో ఇంక మాట్లాడను," అంది. "ఈ చేత్తో ఈ ఇసక ముట్టుకోను."

ఇంటికి పోయి తడిక వేసుకుంది.

వాళ్లు తవ్వినారు. మూర దాటినారు. రెండు మూరలు దాటినారు. నీలిబంకలో గడ్డపార దిగబడింది. పెళ్లగించి పారేసి నిలువు లోతుకు పోయినారు. నాలుగు పక్కలనుంచీ నీళ్లు గలగలమని గుంటలోకి దూకినాయి. ఊరు ఊరంతా కేకలు వేసింది. కడవలు నిండినాయి, బానలు నిండినాయి, పిల్లలు ఏడాది తరువాత తలంటుకున్నారు. ఆ పూట రెడ్డి ఇంకా ఒక అడుగు పొడుగైనట్టు నడిచినాడు.

మరునాడు గుంటలో నీళ్లు సగం. మూడోనాడు అడుగున తడి. నాలుగోనాడు ఇసక. మూడేళ్ల కరువుకు ఇంకని నీళ్లు మూడు రోజుల్లో ఆ చిల్లులోనుంచి పాతాళానికి జారిపోయినాయి.

అప్పుడు గానీ ఊరికి తెలియలేదు. బండ్లు కట్టుకుని ఊరు వదిలి పోవడమే అనుకున్నారు. కొందరు చాపలు చుట్టినారు.

సుంకమ్మ ఇంట్లో ఒక బాన ఉంది. చిప్ప పగలకముందు నింపుకున్న నీళ్లు. అవే తాగుతా, ఆ రెండు చెక్కలనూ లక్కతో అతుకుతా కూర్చుంది. ఆమె దగ్గరికి మొదట రెడ్డి జీతగాడు లింగన్న వచ్చినాడు. రెడ్డి రమ్మంటున్నాడు, వచ్చి చూడాలంట అన్నాడు. ఆమె తడిక తియ్యలేదు.

రెండోసారి రెడ్డి భార్య కొండమ్మ వచ్చింది. కొత్త కోక తెచ్చింది, బెల్లం తెచ్చింది. ఈసారి తడిక తీసింది.

"ఊరు పోతాది సుంకమ్మా," అంది కొండమ్మ.

"పోతాది రెడ్డెమ్మా."

"నువ్వు మనసు పెడితే నిలుస్తాది."

"చెప్పినరోజు నా మనసు అక్కడే ఉండె. మీ ఆయన కాలికింద."

కోక, బెల్లం వెనక్కి పోయినాయి. సుంకమ్మ తడిక వేసుకుంది. అయితే ఆ పూట ఆమెకు సద్ది సయించలేదు. పంతం గెలిచినప్పుడు కడుపు నిండాల. ఎందుకో నిండలేదు.

మూడోసారి మనుషులెవరూ రాలేదు.

పొద్దు పొడుస్తా ఉంది. తడిక మీద ఏదో సవ్వడైంది. ఆమె లేచి చూసింది. తడిక మీద, చూరు మీద, బట్టలారేసే దండెం మీద గువ్వలు. పక్కన గోరింకలు. అరవడం లేదు. ముక్కులు తెరిచి ఆమె చేతివంక చూస్తున్నాయి. రోజూ నల్లగుండు మీద కూర్చునే పిట్టలే. చెలమ ఎండితే, చిప్ప ఎక్కడుందో వెతుక్కుంటా ఇంటికొచ్చినాయి.

సుంకమ్మ తన ఖాళీ చేతివంక చూసుకుంది. పిట్టలు పొద్దు తప్పలేదు. తప్పింది తాను. కోపం రెడ్డి మీద. ఎండగట్టింది రెక్కలను.

బాన అడుగున మూడు చిప్పల నీళ్లున్నాయి. అతుకుల చిప్పతో ముంచింది. మొదటి చిప్ప రెక్కలకు పోసింది. రెండో చిప్ప గుంజకున్న మేకకు పోసింది. మూడో చిప్ప వాకిట్లో తులసికి పోసింది. బాన ఖాళీ. నాలుగోది లేదు. ఇసక ముట్టనన్న మాట గుమ్మంలోనే వదిలి, చిప్ప చంకన పెట్టుకుని ఏటివైపు నడిచింది.

ఊరు ఆమె వెనకాల నడిచింది. రెడ్డి గడ్డపారతో సహా వచ్చినాడు. సుంకమ్మ గుంటలోకి తొంగిచూసి, వెనక్కి తిరిగి, రెడ్డి ముఖం చూడకుండా ఆయన భుజం మీది గడ్డపార వంక చూసింది.

"గడ్డపారా, మీ రెడ్డికి చెప్పు. గట్టుకింద నీలిబంక ఉంది. తెప్పించమను."

ఎవరూ నవ్వలేదు. నవ్వాలనుకున్నవాళ్లు కూడా నవ్వలేదు. బంక వచ్చింది. ఇళ్లలో మిగిలిన తడంతా, కడవల అడుగులు కడిగిన నీళ్లతో సహా, తెచ్చి దాని మీద చిలకరించినారు.

"గడ్డపారా, చిల్లు పొడిచినవాళ్లే తొక్కాలని చెప్పు."

పదిమందీ దిగినారు. రెడ్డి నిలబడినాడు.

"ఆయన కాళ్లు కూడా కాళ్లే గదా, అడుగు."

రెడ్డి పంచె ఎగగట్టి దిగినాడు. కుండలకు తొక్కినట్టు తొక్కినారు. సుంకమ్మ చిటికెడు బంక తీసి వేళ్ల నడుమ సాగదీసింది. తెగింది. ఇంకా తొక్కమని చెప్పు గడ్డపారా అంది. పొద్దు నెత్తికొచ్చింది. మళ్లీ సాగదీసింది. మళ్లీ తెగింది. ఇంకా తొక్కమని చెప్పు అంది. పొద్దు వాలింది. మూడోసారి సాగదీసింది. దారంలా సాగింది. తెగలేదు.

అప్పుడు ఆ బంకను ముద్దలు ముద్దలుగా గుంటలో వేయించింది. ముద్ద ముద్దకూ మడమలతో అదిమించింది. ఏటి ఒడి ఎంత ఎత్తున ఉండేదో అంత ఎత్తుకు చిల్లు మూయించింది. పైన ఇసక పోయించి, పైనుంచి తన చెయ్యి దించి కొలిచింది. సరిగ్గా మోచేయి. అక్కడే కూర్చుంది.

మొదటినాడు ఏమీ లేదు. బండ్లకు ఎద్దులు కట్టినవాళ్లు కట్టుకునే ఉన్నారు. రెండోనాడు ఇసక చల్లబడింది. మూడోనాడు పొద్దున గుంట తీస్తే వేలికొస తడిసింది. ఎగువ ఇసకలో ఎక్కడో దాగిన చెమ్మ, చుక్క చుక్కా జారివచ్చి, మళ్లీ ఒడిలో నిలిచింది.

రెడ్డి నున్నగా గీకించిన కొత్త చిప్ప తెచ్చి ముందు పెట్టినాడు. సుంకమ్మ దాన్ని పక్కకు జరిపి తన అతుకుల చిప్పే తీసింది. అది ఒక పక్క కారేది. కారినా అదే.

"మొదటి చిప్ప రెక్కలకు. రెండో చిప్ప డెక్కలకు. మూడో చిప్ప మొక్కలకు."

ఈసారి ఎవరూ సణగలేదు. బండ్లు విప్పినారు.

ఆ తరువాత వానలు పడినాయి. ఏళ్లు గడిచినాయి. సుంకమ్మ రెడ్డి ఇంటి బట్టలు ఉతికేది, గంజి పెట్టేది, మడత పెట్టి ఇచ్చేది. మాట మాత్రం గడ్డపారతోనే. రెడ్డి కూడా ఆమె ఎదురైనప్పుడల్లా గడ్డపార కాస్త ముందుకు పట్టుకుని నిలబడేవాడు.

చివరికి సుంకమ్మ మంచాన పడింది. రెడ్డి చూడడానికి వచ్చినాడు. గడ్డపార మరిచిపోయి వచ్చినాడు. మాట ఎవరితో ఆడాల?

సుంకమ్మ ఆయన ముఖం వంక చూసింది.

"మూర దాటొద్దు నాయనా," అంది.

అదే చివరి మాట. రెడ్డి తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ ఏడే పెద్ద వరద వచ్చింది. అట్లాంటి వరద అంతకుముందు లేదు. నీళ్లు తీసినాక చూస్తే నల్లగుండు లేదు, ఇసకలో కూరుకుపోయింది. రెల్లుదుబ్బు లేదు, కొట్టుకుపోయింది. ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా ఒకటే తెల్లటి ఇసక. ఎండాకాలం వచ్చింది. చెలమ ఎక్కడ తీయాలో చెప్పే మనిషి లేదు. ఇక్కడ తీసినారు, లేదు. అక్కడ తీసినారు, లేదు. ఇంకోచోట తీసినారు, లేదు.

రెడ్డి గట్టున కూర్చుండిపోయినాడు. ముసలివాడైనాడు. తెల్లారింది. ఏటి నడుమ, వట్టి ఇసక మీద, గువ్వల గుంపు వచ్చి వాలింది. పక్కన గోరింకలు. గింజ లేదు, గడ్డి లేదు. ఊరికే ఒకచోట కూర్చుని, దేనికోసమో చూస్తున్నాయి.

వరద రాయిని మింగింది. రెల్లును మింగింది. రెక్కలను మింగలేకపోయింది.

రెడ్డి లేచి పోయినాడు. పిట్టల నడుమ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి దించబోయి ఆగినాడు. తన మూర సుంకమ్మ మూర కాదు. నాలుగు వేళ్లు పొడుగు. మూర దాటడమే ఒకప్పుడు ఊరిని ముంచబోయింది.

"ఊళ్లో పొట్టి చెయ్యి ఎవరిది?" అని కేకేసినాడు.

కుమ్మరోళ్ల కోడలిది అన్నారు. సిగ్గుపడతా వచ్చిందామె. చెయ్యి దించింది. మోచేయి మునిగేసరికి ఆమె ముఖం వెలిగింది. "చల్లగా ఉంది మామా," అంది. "జారుతా ఉంది."

ఇప్పటికీ ఇసకేట్లో చెలమ తీసేది అట్లాగే. ముందు పిట్టలు ఎక్కడ వాలినాయో చూస్తారు. తరువాత ఊళ్లో పొట్టి చెయ్యి ఎవరిదో వాళ్లను పిలుస్తారు. ఆ పూట పొట్టివాళ్లదే పెద్దరికం. బయపరెడ్డి వంశంలో ఎవరూ గడ్డపారతో ఏట్లోకి దిగరు. ఇద్దరికి మాటల్లేకుంటే "గడ్డపారతో చెప్పు" అంటారు. ఎవరైనా దేనికైనా ఎక్కువ ఆశపడితే, "సుంకమ్మ మూర, ఆగు" అంటారు.

ఇక చిప్పల సంగతి మీకు తెలిసిందే. ఎంత దప్పికతో వచ్చినా, ఎంతటివాడు వచ్చినా, చెలమ దగ్గర నాలుగో చిప్పే వాడిది.

మాట మీ చెవిలో పడింది. చిప్ప మీ చేతికొచ్చింది. ముందు ఎవరికి పోస్తారో పిట్టలు చూస్తున్నాయి.