లేవనన్న కొంగ

అనగనగా, మనుషులకింకా పడవ కట్టడం రాని రోజుల్లో, ఒక పెద్ద సరస్సు. అందులో ముప్పై లంకలు. లంకకొక కొంగ గూడు కట్టుకుని గుడ్లు పొదుగుతోంది. వాటి రాజు ధవళాంగుడు మాత్రం ఒడ్డున రాతిమీద కొలువుండేవాడు.

రాజు మంచివాడే. కానీ ఒకటే బెంగ. "కంటికి కనబడరాయె! పొదుగుతున్నారో, పడి నిద్రపోతున్నారో!"

అందుకని, "రోజూ పొద్దున్నే సభకొచ్చి ఏం చేస్తున్నారో చెప్పండి" అని ఆజ్ఞ వేశాడు. కొంగలు వచ్చాయి, చెప్పాయి. తిరిగి వెళ్లేసరికి గుడ్లు చల్లబడ్డాయి. ఎలాగో మళ్లీ వెచ్చబెట్టుకున్నాయి పాపం.

"సరే, రావద్దు. జాముజాముకీ గూట్లోంచే కేకెయ్యండి" అన్నాడు. ఇంకేముంది! గూడెక్కడుందో గద్దలకు తెలిసిపోయింది. ఆరు గూళ్లు ఖాళీ అయ్యాయి. అయినా రాజుగారికి కళ్లు తెరుచుకోలేదు.

"అయితే గుడ్లే తెచ్చి చూపించండి!" అన్నాడు మూడోసారి. చోద్యం కాకపోతే ఏమిటి! గుడ్లు ఎలా మోసుకెళ్లాలో తోచక తల్లులన్నీ బిక్కమొహాలు వేశాయి.

పొన్నమ్మ అనే కొంగ మాత్రం కదల్లేదు. కబురు తెచ్చిన మంత్రి నీటికాకితో మెడ నిటారుగా ఎత్తి చెప్పింది.

"గుడ్డు మీద కూర్చున్నానని చెప్పడానికి గుడ్డు మీంచి లేవాలా? లేవను. తుఫానులో కూడా లేవని తల్లి కడుపున పుట్టాను. రాజుగారికి అలాగే చెప్పండి."

రాజు మండిపడుతూ ఎగిరొచ్చాడు. "నిన్ను గుంపులోంచి వెలేస్తాను!"

"అలాగే మహారాజా. నా నోట్లో చేప పడి రెండు రోజులైంది. మీరు కాసేపు ఇక్కడ కూర్చుంటే తినొస్తాను. తర్వాత తీరిగ్గా వెలేద్దురు గాని."

"కాసేపేగా!" అంటూ రాజు గుడ్ల మీద కూర్చున్నాడు. వాన మొదలైంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. అంతలో నీటికాకి వచ్చి, "ప్రభూ, సభకు వేళయింది. దయచెయ్యండి" అంది.

"నోర్ముయ్! లేస్తే చల్లారిపోతాయి!" అన్నాడు రాజు.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. సిగ్గుతో తల వాలిపోయింది. ఇంతలో రెక్కల కింద టక్కుమని పెంకు పగిలింది.

పొన్నమ్మ తిరిగొచ్చేసరికి రాజు కంట నీరు. "ఆరు గూళ్లు నా నోటితో నేనే కూల్చానమ్మా. ఇప్పుడు మీకేం కావాలో చెప్పు."

"తినడానికి చేపలు. గద్దలొస్తే అడ్డం నిలబడే రాజు. పొదగడం మాకొచ్చు."

గుడ్లు తెమ్మన్న ఆజ్ఞ అక్కడితో రద్దయింది. ఆ మర్నాటి నుంచి రాజే చేపలు మోసుకుంటూ లంకలన్నీ తిరిగాడు. ఇరవై నాలుగు గూళ్ల పిల్లలు ఒక్కసారిగా ఎగిరిన రోజున ఆకాశం తెల్లబడిపోయింది. "చూశారా, నా వాళ్లు!" అని రాజు పొంగిపోతుంటే, "మా పిల్లలు" అని దిద్దింది పొన్నమ్మ. ఎందుకు దిద్దదూ? ఆ గర్వం కష్టపడి సంపాదించుకున్నది మరి!

పిల్లలూ, దూరాన ఉండి పనిచేసేవాళ్లకు కావలసింది నిఘా కాదు, నమ్మకమూ ఆసరానూ.