నడిచే పొయ్యి

ప్రహ్లాదకు ఊరి మీద కోపం వచ్చింది. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక పాలకొండల కింద ఉన్న వెంగన్న తాత ఆశ్రమానికి మోసుకొచ్చాడు.

అతను ఇంజనీరింగు చదివినవాడు. మూడేళ్లుగా తాతకు శిష్యుడు. ఈమధ్య ఒక చలిదేశపు సంస్థవాళ్లు పొగ రాని పొయ్యి తయారుచేసి, ఊళ్లో పంచే పని అతనికి అప్పగించారు. నిగనిగలాడే ఇనుప డబ్బా, దానికి మూడు కాళ్లు, అడుగున గాలి లోపలికి పోయే బొక్క. కట్టెలు సగం సరిపోతాయి. ప్రహ్లాద ఇరవయ్యారు ఇళ్లకు ఇరవయ్యారు పొయ్యిలు ఇచ్చాడు. వాటితో వచ్చిన పుస్తకాన్ని తనే తెలుగులోకి మార్చి, మంట పెట్టే చోటికి 'దహనకుహరము' అని పేరు పెట్టి, అచ్చు వేయించి మరీ పంచాడు.

నెల తర్వాత చూడబోతే ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఒకామె అందులో ఉల్లిగడ్డలు పోసింది. ఇంకొకామె మట్టి నింపి బంతిచెట్టు నాటింది. పుస్తకాన్ని స్తోత్రమనుకుని దేవుడి పటాల వెనక పెట్టినవాళ్లు ముగ్గురు. పొయ్యి ఎలా పనిచేస్తోందని చివరింటి అవ్వను అడిగితే, "బాగుండాది నాయనా, పదకొండు పిల్లలు లేసినాయి" అంది. అందులో కోడిని పొదగేసిందట.

శుక్రవారం ఆ సంస్థవాళ్లు చూడటానికి వస్తున్నారు. జనం వాడుతుంటే చుట్టుపక్కల ఊళ్లకు ఇంకో మూడు వందలు పంపుతారు. లేదంటే ఉన్నవి కూడా లారీకెత్తుకుని పోతారు.

"ఈ జనానికి మంచి చేసినా పట్టదు తాతా. మీరు ఒక్క మాట చెప్పండి. మీ మాట కాదనరు."

అతని బాధ అబద్ధం కాదు. ఆశ్రమంలో ముప్పై ఏళ్లుగా సంగటి వండే ఓబులమ్మ పొగలో కూర్చుని దగ్గుతుంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది. ఆ దగ్గు మాన్పించాలనే ఈ పని నెత్తికెత్తుకున్నాడు. కాకపోతే ఆ సంగతి ఓబులమ్మతో ఎన్నడూ అనలేదు. ఆమెను ఏమీ అడగనూ లేదు.

తాత వెంటనే ఒప్పుకున్నాడు. దేనికీ అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాడాయన.

"చెప్తాలే అబ్బీ. అయితే దాని మీద చేసిన సంగటి తినకుండా ఎట్ల చెప్పేది? నువ్వు చేసి పెట్టు."

ఓబులమ్మ చేస్తుంది కదా అన్నాడు ప్రహ్లాద. పొయ్యి సంగతి తెలిసినవాడివి నువ్వే కదా అన్నాడు తాత. ఆ మాట పూర్తికాకముందే ఓబులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని గోడకానుకుని కూర్చుంది. ఆ వేళప్పుడు ఆమె అలా కూర్చోవడం ఆశ్రమంలో ఎవరూ చూసి ఉండరు.

ప్రహ్లాద ఊళ్లోంచి ఒక పొయ్యి తెచ్చి పెరట్లో పెట్టాడు. నాలుగు పుల్లలకే మంట బుస్సున లేచింది. పొగ లేదు. ఓబులమ్మ ఉండబట్టలేక లేచి వచ్చి, వంగి, ముక్కు దగ్గర పెట్టి మరీ చూసింది. "నిజంగానే లేదు సామీ" అంది తాతతో, నెమ్మదిగా. ప్రహ్లాద మొహం వెలిగిపోయింది. అంతవరకూ బాగానే ఉంది.

నీళ్లు మరిగాయి. నూకలు ఉడికాయి. రాగిపిండి పోశాడు. ఇక కెలకాలి. సంగటి కెలకడమంటే గరిటె తిప్పడం కాదు. ఓబులమ్మ తన మట్టిపొయ్యికి రెండు పక్కలా కాళ్లు తన్నిపెట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని, పగవాడి మెడ తిప్పినట్టు తిప్పుతుంది. ప్రహ్లాద పుట్టినప్పటి నుంచీ సంగటి తిన్నాడే గాని కెలికిన పాపాన పోలేదు. బలం కొద్దీ ఒక్క తిప్పు తిప్పాడు. పొయ్యి ఒక అడుగు నడిచింది.

ఎదురుగా కూర్చున్న తాత తన పీట, పళ్లెం తీసుకుని ఒక అడుగు జరిగి కూర్చున్నాడు.

ఇంకో తిప్పు. పొయ్యి దూడను కట్టేసిన గుంజ వైపు నడిచింది. తాత కూడా పీట తీసుకుని అటే నడిచాడు. కాళ్లతో అదిమి పట్టుకుందామంటే ఇనుము కాలిపోతోంది. లుంగీ అంచు కమురు వాసన కొట్టింది. నాలుగో తిప్పుకు పొయ్యి, కుండ, సంగటి కలిసి దూడ ముందు సాష్టాంగపడ్డాయి. దూడ తాడు తెంచుకుని పారిపోయింది.

తాత ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

"ఇంకా నడుస్తాదా?" అని అడిగాడు.

ప్రహ్లాదకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా పట్టు వదల్లేదు. ఇది పొయ్యి తప్పు కాదనీ, మెల్లగా కెలకడం ఆడవాళ్లకు నేర్పాలనీ, అందుకు తరగతులు పెట్టాలనీ అన్నాడు. మెల్లగా కెలికితే గడ్డలు కడుతుందంది ఓబులమ్మ. తాత కుండ అడుగున మిగిలిన ముద్ద తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకోగానే గడ్డ పగిలి పచ్చిపిండి గొంతుకు అడ్డంపడింది. ప్రహ్లాద పొగ లేకుండానే చాలాసేపు దగ్గాడు.

ఈలోగా ఓబులమ్మ గడ్డపార తెచ్చి గుంత తవ్వింది. చల్లారిన పొయ్యిని నడుందాకా పాతి, చుట్టూ తడిమట్టి మెత్తడం మొదలుపెట్టింది. ప్రహ్లాద పుస్తకం పట్టుకుని పరుగెత్తాడు. పొయ్యి రూపం మారిస్తే సంస్థకు బాధ్యత లేదని ఏడో పేజీలో ఉంది.

"ఇందాక పడిందే, దానికి బాధ్యులెవరు?" అన్నాడు తాత.

ఏడో పేజీలో ఆ సంగతి లేదు. అతను పుస్తకం మూసి గుంతలోకి చూశాడు. వెంటనే కంగారుపడ్డాడు.

"ఆ బొక్క మూయొద్దు పెద్దమ్మా. గాలి పోకపోతే పొగ వస్తుంది."

ఓబులమ్మ చెయ్యి ఆపింది. "ఆ ముక్క ముందే చెప్పకపోతివే నాయనా. దానికి దోవ తీస్తే సరిపోతాది."

ప్రహ్లాద లుంగీ ఎగగట్టి మట్టిలో కూర్చున్నాడు. దోవ ఎంత వెడల్పుండాలో అతను చెప్పాడు. వానకు నీళ్లు దిగకుండా ఏ పక్కకు వాలుండాలో ఆమె చెప్పింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కాదంటూ, మళ్లీ ఒప్పుకుంటూ పొద్దు వాలేదాకా పనిచేశారు.

మర్నాడు ఓబులమ్మ కాళ్లు తన్నిపెట్టి ఎంత కెలికినా పొయ్యి కదల్లేదు. పొగా రాలేదు. తాత కడుపు నిండా తిన్నాడు గాని ఊరికి చెప్తానన్న మాట చెప్పలేదు. చెప్పే పని లేకపోయింది. ఓబులమ్మ దగ్గకుండా సంగటి దించుతోందని తెలిసి ఆడవాళ్లే చూడటానికి వచ్చారు. రెండ్రోజుల్లో ఊళ్లో కోడిపిల్లలు ఇల్లు మారాయి.

శుక్రవారం సంస్థవాళ్లు నలుగురు వచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు. ఎక్కడా నిగనిగలాడే డబ్బా కనబడలేదు. నేలలో మట్టి గద్దెలు, వాటికి ముగ్గులు. ఎండకు సోలిపోయి ఆశ్రమానికి చేరి, సంగటీ చెనిక్కాయల పచ్చడీ తిన్నారు. తిన్నాక వాళ్ల పెద్దాయన చెయ్యి కడుక్కుని, కాగితాలు తీసి, ముఖం గంటు పెట్టుకుని ఏదో అడిగాడు. మూడు వందల పొయ్యిలూ ఇప్పుడు ప్రహ్లాద చెప్పబోయే జవాబు మీదే ఉన్నాయి.

"ఏమంటాడు?" అన్నాడు తాత.

"తమ పొయ్యి ఏదని అడుగుతున్నారు తాతా."

తాత ముద్దలో వేలితో గుంత చేసి పచ్చడి పెట్టుకున్నాడు.

"వాళ్లది లేదని చెప్పు. ఉండేది ఓబులమ్మది."

ప్రహ్లాద ఒక్క ముక్క మార్చకుండా ఆ మాట వాళ్ల భాషలో చెప్పాడు. చెప్పి, ఓబులమ్మను ముందుకు పిలిచి, తను పక్కకు జరిగాడు.