వరహాలమ్మ వత్తులు

అనగా అనగా, కాలవ గట్టు మీది ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. జాకెట్లు కుట్టి ఇల్లు గడిపేది. మంచం పట్టిన అత్తగారిని వదిలి గడప దాటే వీల్లేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఇంకొకటి దొరికితే బావుండునని రోజూ అనుకునేది పాపం.

అప్పుడు ఒకరోజు ఒక కళ్ళజోడాయన వచ్చాడు. సంచీలోంచి పువ్వొత్తుల కట్ట తీశాడు. "ఇలాంటివి చేసిపెట్టండమ్మా. పెద్ద పెద్ద గుళ్ళకి వెళ్తాయి. నెల తిరిగేసరికి మీ చేతినిండా డబ్బు. ముందు పేరు రాయించుకోవాలి, దానికి వెయ్యి రూపాయలు" అన్నాడు.

వత్తులు చెయ్యడం ఆ ఊళ్ళో ఏ ఆడమనిషికి రాదు చెప్పు? లక్షవత్తుల నోమంటే వీధి వీధంతా ఒకచోట చేరి, కబుర్లాడుకుంటూ చేసేస్తారు. పైగా దేవుడి దీపం పని. దేవుడి పేరు చెప్పిన మనిషిని వివరాలడిగితే తప్పేమో అనుకుంది వరహాలమ్మ. అక్కడే పప్పులో కాలేసింది. పెట్టెలోంచి వెయ్యీ తీసి ఇచ్చేసింది.

ఆ తర్వాత వారమంతా కూర్చుని వత్తులు చేసింది. కళ్ళజోడాయన వచ్చి చూసి మొహం చిట్లించాడు. "మీ పత్తి మంచిది కాదమ్మా. మా పత్తి కొనుక్కోండి" అన్నాడు. మాటైతే మెత్తగానే ఉంది. సరేనని మూడువేలు పెట్టి కొంది.

మళ్ళీ చేసింది. మళ్ళీ వచ్చాడు. ఈసారి వంక ఇంకోటి. "చేత్తో చేస్తే అన్నీ ఒక్కలా రావడం లేదు. మా మిషన్ కొనుక్కోండి. సోమవారంలోగా డబ్బు కట్టకపోతే మీ పేరు కొట్టేస్తారు" అన్నాడు. మిషన్ వత్తులు ఎలా ఉంటాయో చూసుకోమని ఒక కట్ట ఇచ్చి వెళ్ళాడు.

అంత డబ్బు ఎక్కడిది? కుట్టుమిషన్ అమ్మాలి. ఎదురింటి మంగతాయారుని కొంటావా అని అడిగింది కూడా. అదీ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు తల్లీ. ఆ సాయంత్రం మిషన్ తుడుస్తుంటే ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది. జాకెట్ కుట్టించుకునేవాళ్ళు బట్టా వాళ్ళే తెస్తారు, కూలీ వాళ్ళే ఇస్తారు. మరి ఈయనేమిటి, పని ఇస్తానంటూ నా దగ్గరే తీసుకుంటున్నాడు?

సోమవారం కళ్ళజోడాయన వచ్చాడు. వరహాలమ్మ ఒక కట్ట ముందు పెట్టి, "ఇవైనా బావున్నాయా బాబూ?" అంది.

ఆయన విప్పి చూసి పెదవి విరిచాడు. "చెప్పాను కదమ్మా, చేతివత్తులు పనికిరావు."

"నేను చేసినవి కావు. మొన్న నువ్విచ్చిన కట్టే" అంది వరహాలమ్మ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫోనొచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని చక్కా పోయాడు.

ఇచ్చిన డబ్బు పోనే పోయింది. దానికంటే సిగ్గు ఎక్కువైంది. ఎవరికీ చెప్పకూడదనుకుంది. అంతలో వీధి చివర, కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల ఇంటి ముందు ఆయన బండి ఆగడం చూసింది. అప్పుడు అత్తగారి మంచం పక్కన నీళ్ళచెంబు పెట్టి, గబగబా వెళ్ళి, వీధిలోవాళ్ళందరూ వింటుండగానే అంది. "నేను మోసపోయానమ్మా. నువ్వు ఇవ్వకు."

కళ్ళజోడాయన బండెక్కి మాయమయ్యాడు. అప్పుడు మంగతాయారు తల వంచుకుని, "నా మంచం కింద కూడా మూడు కట్టలున్నాయి వదినా" అంది. ఆ తర్వాత ఇంకొకావిడ, "మా అటక మీదా ఉన్నాయి" అంది. మూడో ఆవిడ తన ఇంట్లోకెళ్ళి కట్టలు తెచ్చి అరుగు మీద పెట్టింది.

మర్నాడు నలుగురూ కలిసి ఆ కట్టలన్నీ బస్తాలో వేసుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోడానికి ఇక ఎవరికీ సిగ్గెయ్యలేదు.

కథేమో కంచి బస్సెక్కింది,
మా చిట్టి దుప్పట్లో నక్కింది.