గంగులు జీపు వెనక చక్రాలు

మరిడయ్య మేస్త్రీని ఏదైనా అడిగితే సమాధానం చెప్పడు. చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని, "పద" అంటాడు. పాడేరులో ఆయన మెకానిక్ షెడ్డుకి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇది ఒళ్ళుమంట. నాకూ అంతే. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ప్రశ్నకో జవాబు చెప్పి బతుకుతున్నదాన్ని, మరి మండదూ?

కొర్రా గంగులు ఆయన దగ్గరే పని నేర్చుకుని, తర్వాత సొంతంగా జీపు కొనుక్కున్నాడు. రోజూ కుంబిడిపుట్టు నుంచి ఘాటీ మలుపులు దిగి పాడేరుకి, మళ్ళీ పైకి. నేను ఆ ఊరి బడికి వెళ్ళేది ఆ జీపులోనే. పోయిన నెల వానలో, నొప్పులు పడుతున్న ఆ ఊరి సొన్నిని ఆసుపత్రికి తెస్తుంటే ఆ జీపు బురదలో దిగబడింది. ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, గట్టి నేల మీదున్న రెండోది చోద్యం చూస్తోంది. సొన్ని రెండు కిలోమీటర్లు నడిచి, తారురోడ్డు మీద ఆటో ఎక్కి, ఆసుపత్రి మెట్ల దగ్గరే కనేసింది. తల్లీబిడ్డా క్షేమం. గంగులు మాత్రం వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం షెడ్డుకొచ్చి అడిగాడు. "గురువుగారూ, వెనక డిఫరెన్షియల్‌కి ఏం చెయ్యమంటారు? పలకల రకం ఉందిట, చక్రం జారితే దానంతటదే పట్టుకుంటుందిట, జారడం ఆగితే వదిలేస్తుందిట. మీట నొక్కితే రెండు చక్రాల్నీ కలిపి కట్టేసేది ఇంకోటి. నన్నడిగితే, లోపల వెల్డింగు పెట్టేసి ఎప్పటికీ కలిపేద్దాం. రెండు చక్రాలూ ఒక్కటిగా తిరిగితే ఇంక దిగబడే మాటే ఉండదు."

మలుపులో లోపలి చక్రం తక్కువ, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. ఆ వెసులుబాటు ఇచ్చేదే డిఫరెన్షియల్. ఇది గంగులుకి నేర్పింది మరిడయ్యే. ఆ మాట గుర్తుచేస్తే సరిపోయేది. చెయ్యలేదు. చేతులు తుడుచుకున్నాడు.

"ఇయ్యాల సొన్ని పిల్లకి పేరెడుతున్నారు. మనల్నీ పిలిచారు కదా. పద. టీచరమ్మా, మీరూ రండి."

బురదగా ఉందని జీపుని తారురోడ్డు చివర ఆపి నడిచాం. దారి పొడుగునా గంగులు వెల్డింగు గురించే మాట్లాడాడు. మేస్త్రీ ఊఁ కొడుతూనే ఉన్నాడు.

భోజనాలయ్యాక వాకిట్లో ధింసా ఆట మొదలైంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ చేతులు వీపుల వెనక నుంచి పెనవేసుకుని ఒకే వరసగా నిలబడ్డారు. పొద్దుటి చినుకులకి వాకిలి చిత్తడిగా ఉంది. వరస నడిపించే దేముడమ్మ గంగులుని లాగి నడిమధ్యన నిలబెట్టింది. ఎవరైనా జారతారేమోనని వాడి భయం. అటు మనిషినీ ఇటు మనిషినీ ఉడుంపట్టు పట్టాడు. ముందుకి నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, ఏ గొడవా లేదు. మేస్త్రీ కేసి చూసి నవ్వాడు కూడా.

అప్పుడు వరస చుట్టు తిరిగింది. లోపలి కొసన ఉన్న దేముడమ్మ ఉన్నచోటే అడుగులేస్తోంది. బయటి కొసవాళ్ళు పరుగులాంటి నడక. గంగులు ఇద్దర్నీ తన అడుగుతోనే నడిపిద్దామని బిగబట్టాడు. లోపలి మనిషి ఆగలేకపోయింది, బయటి మనిషి సాగలేకపోయాడు. ముగ్గురూ కలిసి బురదలో పడ్డారు. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. దాచడమెందుకు, నేనూ నవ్వాను.

"నిన్ను చెయ్యి పట్టుకోమన్నాను గానీ అడుగు పట్టుకోమన్నానా?" అంది దేముడమ్మ. గంగులుని అవతలికి నెట్టి మళ్ళీ వరస కట్టింది.

ఈసారి చుట్టు మధ్యలో ఒకావిడ కాలు నిజంగానే జారింది. పక్కవాళ్ళ చేతులు అప్పటికప్పుడు బిగిశాయి. ఆవిడ పాదం నేలకి ఆనగానే మళ్ళీ వదులయ్యాయి. డప్పు ఆగలేదు. పట్టుకున్నవాళ్ళకైనా పట్టుకున్నామని తెలుసో లేదో. గంగులు మోకాళ్ళ దాకా బురదతో నిలబడి అదే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో గంగులు, "ఆ రోజు సొన్ని నొప్పులతో ఇదే దారిన నడిచింది గురువుగారూ. పక్కనే నడిచాను. ఏం చెయ్యలేకపోయాను. ఇంకెవర్నీ అలా నడిపించకూడదనే అంత గట్టిగా బిగిద్దామనుకున్నా," అన్నాడు.

మేస్త్రీ వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"జారేవాళ్ళని పట్టుకోరా," అన్నాడు. "తిరిగేవాళ్ళని తిరగనీ."